1948 హైదరాబాదు హింస – సుందర్‌లాల్ నివేదిక: ఒక చారిత్రక వివాద పరిశీలన

వ్యాససంగ్రహం:

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసిన సందర్భంలోనూ, ఆ వెంటనే వచ్చిన వారాల్లోనూ వేలాదిమంది పౌరులు హతులయ్యారు. పండిత్ సుందర్‌లాల్ బృందం ఈ మరణాలను 27,000 నుండి 40,000 వరకు ఉండవచ్చునని అంచనా వేసింది. ఆ నివేదికను ప్రభుత్వం ప్రచురించలేదు. అంతకుముందు రజాకార్లు సాగించిన హత్యాకాండ ప్రజాస్మృతిలో నిలిచింది. తరువాతి హత్యాకాండ చాలాకాలం పుకారుగానే మిగిలింది. ఈ రెండింటినీ ఒకదానికొకటి సమాధానంగా నిలబెట్టడమే నేటి బహిరంగ వివాదానికి మూలమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆర్మీనియన్ల సామూహిక వధపై ప్రపంచంలో సాగుతున్న వివాదంతో పోల్చి, సంఖ్య, ఉద్దేశం, ఘటనల క్రమం, పదప్రయోగం అనే నాలుగు అంశాల ఆధారంగా ఈ వివాద స్వరూపాన్ని విశ్లేషిస్తుంది.

కీలకపదాలు: హైదరాబాదు సంస్థానం, పోలీసు చర్య, రజాకార్లు, సుందర్‌లాల్ నివేదిక, సెప్టెంబరు 17, ఉమర్ ఆలీషా, జాతిహననం.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు సంస్థాన చరిత్ర తెలంగాణకు మాత్రమే సంబంధించినదన్న అభిప్రాయం కోస్తా జిల్లాల్లో సాధారణంగా వినిపిస్తుంది. పిఠాపురం వంటి పట్టణానికి ఆ చరిత్రతో సంబంధమేమిటన్న ప్రశ్న సహజమే. అయితే 1766లో ఉత్తర సర్కారులు ఆంగ్లేయుల పరమయ్యే వరకు ఈ ప్రాంతం నిజాం అధికార పరిధిలోనిదే. 1948 నాటికి పిఠాపురం మద్రాసు రాష్ట్రంలోని తూర్పుగోదావరి జిల్లాలో ఉండేది. భద్రాచలం కూడా అప్పుడు అదే జిల్లాలోనిది. 1959లో గాని అది ఖమ్మం జిల్లాలో చేరలేదు. అంటే నాటి తూర్పుగోదావరి జిల్లా హైదరాబాదు సంస్థానానికి సరిహద్దు జిల్లా. భద్రాచలం వద్ద గోదావరి దాటితే నిజాం రాజ్యమే.

పిఠాపురానికి ఈ చర్చలో మరొక ప్రాధాన్యం కూడా ఉంది. శ్రీ విశ్వవిజ్ఞాన విద్యా ఆధ్యాత్మిక పీఠానికి ఆరవ అధిపతి అయిన ఉమర్ ఆలీషా (1885–1945) ఇక్కడివాడు. ఆయన సూఫీ సంప్రదాయానికి వారసుడు, తెలుగు పద్యకవి, కేంద్ర శాసనసభ సభ్యుడు. ఉమర్ ఖయ్యామ్ రుబాయీలను తెలుగు చేశాడు. ఆయన శిష్యుల్లో హిందువులూ ముస్లిములూ ఉన్నారు. హైదరాబాదు ఘటనలకు మూడేళ్ల ముందే ఆయన కన్నుమూశాడు. తెలుగు నేలపై ముస్లిం అనే మాటకు ఒకే రాజకీయార్థం ఎన్నడూ లేదని ఆయన జీవితం తెలియజేస్తుంది. 1948లో హతులైన సామాన్య ముస్లింలను పాలక పక్షానికి ప్రతినిధులుగా భావించే ధోరణిని పరిశీలించేటప్పుడు ఈ విషయాన్ని గుర్తుంచుకోవలసి ఉంటుంది.

2. సెప్టెంబరు 13కు పూర్వరంగం

1947 ఆగస్టు తరువాత స్వతంత్రంగా ఉండాలని ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ సంకల్పించాడు. అదే ఏడు నవంబరు 29న భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం కుదిరింది. కాని రాజ్యంలో అధికారం క్రమంగా మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ నాయకుడు కాసిం రజ్వీ చేతుల్లోకి, ఆయన నడిపిన రజాకార్ల చేతుల్లోకి జారింది. జనాభాలో అత్యధికులు హిందువులు కాగా, పాలనలోనూ సైన్యంలోనూ ముస్లింలది పైచేయి. తెలుగు జిల్లాల్లో దొరల భూస్వామ్యానికీ వెట్టిచాకిరీకీ ఎదురుతిరిగిన రైతాంగ పోరాటం అప్పటికే సాగుతోంది. రజాకార్లు, నిజాం పోలీసులు, దొరల మనుషులు చాలాచోట్ల ఒక్కటై గ్రామాలపై పడ్డారు.

1947 సెప్టెంబరు 2న పరకాలలో జాతీయ జెండా ఎగురవేయబోయిన జనంపై కాల్పులు జరిగాయి. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి గ్రామాన్ని రజాకార్లు, నిజాం బలగాలు ముట్టడించి గ్రామస్థులను సామూహికంగా చంపాయి. రక్షక దళం నిలిచి పోరాడిన బురుజు నేటికీ ఆ ఊళ్లో ఉంది. బీదరు జిల్లా గోర్టలోనూ సామూహిక హత్యలు జరిగాయి. రజాకార్లను విమర్శించిన ‘ఇమ్రోజ్’ పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో హైదరాబాదు నగరంలో నరికి చంపారు. ఆయన ముస్లిం. రజాకార్ల హింస వాస్తవం, దాని తీవ్రత వాస్తవం. అదే సమయంలో దానిని ధిక్కరించి ప్రాణాలు కోల్పోయినవారిలో ముస్లింలూ ఉన్నారన్నది అంతే వాస్తవం.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలో ప్రవేశించింది. 17న నిజాం లొంగుబాటును ప్రకటించాడు. మరునాడు సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి ఎదుట లాంఛనంగా లొంగిపోయాడు. చౌదరి సైనిక గవర్నరుగా బాధ్యతలు చేపట్టాడు. సైనిక దృష్టితో చూస్తే యుద్ధం ఐదు రోజుల్లో ముగిసింది. పౌరుల మరణాలు మాత్రం ఆ ఐదు రోజులతో ముగియలేదు.

3. సుందర్‌లాల్ బృందం చూసినది

గ్రామాల నుండి అందుతున్న వార్తలు ప్రధాని నెహ్రూను కలవరపరిచాయి. హతుల సంఖ్య ఊహకు అందనంత పెద్దదిగా వినవస్తోందని 1948 నవంబరులో ఆయన సంస్థానాల మంత్రిత్వ శాఖకు తెలియజేశాడు. ఈ నేపథ్యంలో ముగ్గురు సభ్యుల బృందం హైదరాబాదుకు వెళ్లింది. దానికి నాయకుడు పండిత్ సుందర్‌లాల్; ‘భారత్ మేఁ అంగ్రేజీ రాజ్’ గ్రంథకర్తగా ప్రసిద్ధుడైన కాంగ్రెస్ వాది. రెండవవాడు కాజీ అబ్దుల్ గఫార్. హైదరాబాదులో ‘పయామ్’ పత్రికను నడిపిన ఉర్దూ రచయిత. మూడవవాడు మౌలానా అబ్దుల్లా మిస్రీ.

బృందం నవంబరు 29 నుండి డిసెంబరు 21 వరకు పర్యటించింది. సంస్థానంలోని 16 జిల్లాల్లో తొమ్మిదింటికి వెళ్లింది. 7 జిల్లా కేంద్రాలు, 21 పట్టణాలు, 23 ముఖ్య గ్రామాలు చూసింది. తాము వెళ్లలేకపోయిన 109 గ్రామాలకు చెందిన 500 మందికి పైగా వ్యక్తుల వాఙ్మూలాలను విన్నది. పోలీసు చర్య కాలంలోనూ ఆ తరువాతా రాష్ట్రం మొత్తంమీద కనీసం 27,000 నుండి 40,000 మంది చనిపోయారని, ఇది జాగ్రత్తగా వేసిన తక్కువ అంచనా అని బృందం పేర్కొంది.

ఈ సంఖ్య కంటె దాని ప్రాంతీయ విభజన మరింత ఆలోచింపజేస్తుంది. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాల్లోనే 18,000 మరణాలు జరిగాయని నివేదిక అంచనా. ఔరంగాబాదు, బీడ్, నల్లగొండ, మెదకు జిల్లాల్లో కనీసం 5,000. అతి తీవ్రంగా దెబ్బతిన్న నాలుగు జిల్లాలూ మరాఠీ, కన్నడ ప్రాంతాలవి. కాసిం రజ్వీ న్యాయవాదిగా పనిచేసిన లాతూరులో హత్యాకాండ ఇరవై రోజులకు పైగా సాగిందనీ, పదివేల ముస్లిం జనాభాలో అక్కడ తమకు కనిపించినది మూడువేలేననీ బృందం నమోదు చేసింది.

ఈ నివేదికలో ప్రతి పక్షానికీ అసౌకర్యం కలిగించే వాక్యం ఒకటి ఉంది. రజాకార్ల దౌర్జన్యాలను అది దాచలేదు. తరువాతి హింసకు పూర్వరంగంగా వాటిని గుర్తించింది. భారత సైనికులలోనూ, స్థానిక పోలీసులలోనూ కొందరు దోపిడీల్లో, ఇతర నేరాల్లో పాల్గొన్నారని చెప్పింది. అనేకచోట్ల సైనికాధికారులు పౌరులను కాపాడారనీ చెప్పింది. షోలాపూరు తదితర పట్టణాల నుండి సాయుధులైన హిందూ మతతత్వ సంస్థ మనుషులు వచ్చారని రాసింది. కొన్నిచోట్ల కమ్యూనిస్టులు కూడా అల్లర్లలో పాలుపంచుకున్నారని ఆరోపించింది. హిందూ నేతపనివారు తోటి ముస్లిం నేతపనివారిని తమ ప్రాణాలకు తెగించి కాపాడిన ఉదంతాలనూ నమోదు చేసింది. బహిరంగ చర్చలో ఈ నివేదికను ఉటంకించేవారు ఈ వాక్యాలలో తమకు అనుకూలమైన దానిని మాత్రమే ఎత్తి చూపడం పరిపాటి అయింది.

4. నివేదిక అజ్ఞాతవాసం

సంస్థానాల మంత్రి సర్దార్ పటేల్ ఈ నివేదికను అంగీకరించలేదు. అటువంటి విచారణ జరిపే అధికారం బృందానికి లేదన్నది ఆయన వాదన. రజాకార్ల దురంతాలను నివేదిక తగినంతగా లెక్కలోకి తీసుకోలేదన్నది ఆయన విమర్శ. నివేదిక ప్రచురణకు నోచుకోలేదు. విల్‌ఫ్రెడ్ కాంట్‌వెల్ స్మిత్ 1950లో ఈ విషాదంపై ఆంగ్లంలో వ్యాసం రాశాడు. ఒమర్ ఖాలిదీ 1988లో వెలువరించిన సంకలనంలో నివేదిక భాగాలు వెలుగు చూశాయి. ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో ఆ ప్రతి పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. 2013లో ఎ.జి. నూరానీ తన గ్రంథానికి దానిని అనుబంధంగా చేర్చిన తరువాతే విస్తృతమైన చర్చ జరిగింది.

ఈ మధ్యకాలంలో వచ్చిన ముఖ్య రచనలు గమనించదగినవి. వి.పి. మేనన్ (1956), కె.ఎం. మున్షీ (1957) విలీనాన్ని జాతి నిర్మాణ విజయగాథగా చెప్పారు. నిజాం ప్రధాని మీర్ లాయక్ అలీ (1962) దానిని విషాదంగా చిత్రించాడు. స్వామి రామానంద తీర్థ (1967) స్టేట్ కాంగ్రెస్ ఉద్యమ కథనం వినిపించాడు. పుచ్చలపల్లి సుందరయ్య (1972) రైతాంగ సాయుధ పోరాటాన్ని, సైన్యం రాక తరువాత 1951 వరకు దానిపై సాగిన అణచివేతను కేంద్రంగా తీసుకున్నాడు. ఎవరి మృతులు వారి గ్రంథంలో ఉన్నారు. పక్కవారి మృతులకు అక్కడ దొరికిన చోటు స్వల్పం.

నివేదికను దాచడం వల్ల ప్రశాంతత సిద్ధించిందన్న అభిప్రాయం ఒకటి ఉంది. ఫలితం మరొక విధంగా పరిణమించింది. ధ్రువీకరించిన సంఖ్య లేనిచోట ఒకరు లక్షల్లో చెప్పారు. మరొకరు అసలేమీ జరగలేదన్నారు. 1949లో ప్రచురించి ఉంటే సాక్షులు జీవించి ఉండగానే ఆ అంచనాను పరీక్షించడానికీ, సవరించడానికీ, అవసరమైతే ఖండించడానికీ వీలుండేది. ఆ అవకాశం చేజారింది.

5. వివాద స్వరూపం: ఆర్మీనియా ఉదాహరణతో పోలిక

సామూహిక వధపై బహిరంగ వివాదానికి ప్రపంచంలో ప్రముఖమైన ఉదాహరణ ఆర్మీనియన్లది. 1915 ఏప్రిల్ 24న ఇస్తాంబుల్‌లో ఆర్మీనియన్ మేధావుల అరెస్టుతో ఆరంభమైన దమనకాండ, ఒట్టొమన్ సామ్రాజ్యంలోని ఆర్మీనియన్లను ఎడారుల వైపు తరలించడంతోనూ, ఊచకోతలతోనూ సాగింది. మృతుల అంచనాలు 6 లక్షల నుండి 15 లక్షల వరకు ఉన్నాయి. చరిత్రకారుల్లో అత్యధికులు దీనిని జాతిహననంగా పరిగణిస్తారు. టర్కీ ప్రభుత్వం ఆ మాటను అంగీకరించదు. యుద్ధకాలంలో భద్రత కోసం చేసిన తరలింపు అనీ, ఇరుపక్షాల వారూ మరణించారనీ దాని వాదన. ఇస్తాంబుల్‌లో ఈ విషయమై నిర్భయంగా రాసిన ఆర్మీనియన్ పాత్రికేయుడు హ్రాంట్ డింక్ 2007 జనవరి 19న హత్యకు గురయ్యాడు.

రెండు ఉదంతాలూ ఒకటి కావు. ఆర్మీనియన్ల విషయంలో రాజ్యమే తరలింపును ఆదేశించింది. హైదరాబాదులో ముస్లింలను నిర్మూలించాలని భారత ప్రభుత్వం ఆదేశించినట్లు సుందర్‌లాల్ నివేదిక కూడా చెప్పలేదు. బృందాన్ని పంపడమే అందుకు విరుద్ధమైన సూచన. పరిమాణంలోనూ పోలిక లేదు. అయితే వివాదం నడిచే తీరులో సామ్యం ఉంది. అది నాలుగు అంశాలలో కనిపిస్తుంది.

మొదటిది సంఖ్య. 27,000 – 40,000 అన్నది పేర్ల జాబితా నుండి వచ్చిన లెక్క కాదు. చూసిన ఊళ్ల నుండి చూడని ఊళ్లకు విస్తరించిన అంచనా. దానిని తుది సత్యంగా వాడటమూ పొరపాటే, అంచనా కాబట్టి అబద్ధమని తోసిపుచ్చటమూ పొరపాటే.

రెండవది ఉద్దేశం. రాజ్యం చంపించిందా, చంపుతుంటే ఆపలేకపోయిందా, ఆపగలిగీ ఆపలేదా అన్నవి మూడు వేరు వేరు ప్రశ్నలు. ప్రసంగాల్లో ఈ మూడూ ఒక్కటైపోతున్నాయి. నివేదిక ఆధారంగా జిల్లా జిల్లాకూ సమాధానం మారుతుంది.

మూడవది క్రమం. “ముందు మొదలుపెట్టింది ఎవరు” అన్న ప్రశ్న ఇరుచోట్లా ప్రధానమైంది. ఆర్మీనియన్ విప్లవకారుల తిరుగుబాట్లను టర్కీ పక్షం ప్రస్తావిస్తుంది. రజాకార్ల దురంతాలను ఇక్కడ ప్రస్తావిస్తారు. క్రమం కారణాన్ని వివరించగలదు గాని శిక్షను సమర్థించలేదు. బైరాన్‌పల్లిపై దాడి చేసినవారూ, నెల తిరిగేలోగా లాతూరులో చనిపోయినవారూ ఒకే మనుషులు కారు. అపరాధికి మతం ఒక్కటే ఆనవాలుగా మిగిలినప్పుడు, ఆ మతానికి చెందిన నేతగాడూ, కూలీ కూడా అపరాధులే అవుతారు.

నాల్గవది పదం. రఫేల్ లెమ్‌కిన్ 1944లో కల్పించిన ‘జెనోసైడ్’ అన్న మాటకు ఐక్యరాజ్యసమితి 1948 డిసెంబరు 9న చట్టపరమైన నిర్వచనం ఇచ్చింది. సుందర్‌లాల్ బృందం అదే సమయంలో హైదరాబాదు గ్రామాల్లో తిరుగుతోంది. ఆ నిర్వచనానికి ప్రాణం ఒక సమూహాన్ని పూర్తిగా గాని పాక్షికంగా గాని నిర్మూలించాలన్న ఉద్దేశం. తెలుగులో చిక్కు మరికాస్త ఎక్కువ. పత్రికాభాషలో ‘మారణహోమం’ ఏ సామూహిక హత్యకైనా వాడే మాట. చట్టపరమైన అర్థానికి ‘జాతిహననం’, ‘జాతి నిర్మూలన’ అన్నవి ఉన్నా వాటి మధ్య గీత స్పష్టంగా లేదు. 2024 మార్చిలో విడుదలైన ‘రజాకార్’ చలనచిత్రం ఆంగ్ల ఉపశీర్షికలో ‘జెనోసైడ్’ అన్న మాటనే ఎంచుకుంది. రజాకార్ల హింసకు ఆ మాట వాడేవారు తరువాతి హింసకు దానిని వాడరు. తరువాతి హింసకు వాడేవారు మొదటిదానికి వాడరు. పదం నిర్వచనాన్ని విడిచి పక్షాన్ని సూచించే గుర్తుగా మారింది.

6. ఒక తేదీ, అనేక నామాలు

సెప్టెంబరు 17 నామకరణంలో ఈ వివాదం ఏటా పునరావృతమవుతుంది. మహారాష్ట్రలో అది మరాఠ్వాడా ముక్తి సంగ్రామ దినం. 2022లో కేంద్ర ప్రభుత్వం హైదరాబాదు విమోచన దినంగానూ, తెలంగాణ ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినోత్సవంగానూ జరిపాయి. 2024లో కేంద్రం విమోచన దినాన్ని ఏటా జరపాలని ప్రకటించింది. అదే సంవత్సరం రాష్ట్రంలోని కొత్త ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవమని పేరు పెట్టింది. వామపక్షాలకు అది సాయుధ పోరాట వార్షికోత్సవాల కాలం. ఉర్దూ రచనల్లో అదే ఘటన ‘సుకూతె హైదరాబాద్’, అంటే హైదరాబాదు పతనం.

విమోచన, విలీనం, సమైక్యత, పతనం – ఏ పేరుకూ ఆధారం లేకపోలేదు. దొర గడీ ముందు వెట్టి చేసిన రైతుకు అది విమోచనమే. సెప్టెంబరు చివరి వారాల్లో కొడుకును పోగొట్టుకున్న ఉస్మానాబాదు తల్లికి ఆ మాట అర్థం కాదు. నల్లగొండ రైతుకు సైన్యం మొదట రక్షణగా వచ్చి, పిదప అతని సంఘంపైనే తుపాకి ఎక్కుపెట్టింది. ఒకే తేదీ ముగ్గురికీ మూడు విధాలుగా గుర్తుంది. పల్లె జనం మాత్రం ‘రజాకార్ల కాలం’, ‘పోలీసు యాక్షన్ నాడు’ అని రెండు మాటలూ వాడి పిల్లల వయసు లెక్కించేవారు. రెండు కాలాలనూ కలిపి గుర్తుంచుకున్న ఆ లెక్క ప్రభుత్వ నామకరణాల కంటె చరిత్రకు దగ్గరగా ఉంది.

7. తెలుగు పరిశోధన ముందున్న పని

ఈ విషయమై ప్రధాన పరిశోధన ఆంగ్లంలో జరిగింది. నెల్లూరి కేశవస్వామి ‘యుగాంతం’ వంటి కథల్లోనూ, దాశరథి రంగాచార్య నవలల్లోనూ ఆ కాలపు జీవితం తెలుగులో చిత్రితమైంది. విశ్వవిద్యాలయ స్థాయిలో తెలుగులో చేయవలసిన పని చాలా మిగిలి ఉంది.

మొదట, తెలుగు జిల్లాలను విడిగా అధ్యయనం చేయాలి. ఎనిమిది తెలుగు జిల్లాల్లో నల్లగొండ, మెదకు మాత్రమే నివేదికలోని రెండవ శ్రేణి జాబితాలో ఎందుకున్నాయి? హిందూ ముస్లిం రైతులను ఒకే సంఘంలో చేర్చిన ఉద్యమం మతహింసను అడ్డుకుందన్నది ఒక సమాధానం. కొన్నిచోట్ల కమ్యూనిస్టులపై నివేదిక చేసిన ఆరోపణ దీనికి ఎదురు నిలుస్తుంది. గ్రామస్థాయి ఆధారాలతో గాని ఇది తేలదు.

రెండవది, 1941, 1951 జనాభా లెక్కలను పోల్చడం. వలసలు, సరిహద్దుల మార్పులు ఉన్నందువల్ల జనాభా తగ్గుదల అంతటినీ మరణాలుగా లెక్కించరాదు. అయినా పట్టణాల వారీగా వితంతువుల, స్త్రీ పురుషుల నిష్పత్తులను చూడటం ఒక తనిఖీగా ఉపకరిస్తుంది.

మూడవది, మౌఖిక చరిత్ర. ఆ ఏడు పదేళ్లున్నవారికి నేడు ఎనభై ఏళ్లు దాటాయి. బైరాన్‌పల్లిలో స్తూపం ఉంది. ఏటా పూలు చల్లేవారున్నారు. తరువాతి హతులకు తెలుగు గ్రామాల్లో అటువంటి గుర్తులు అరుదు. చెప్పగలిగినవారు వెళ్లిపోతే మిగిలేది పక్షాల కథనాలే. ఈ సేకరణలో ఇరువర్గాల కుటుంబాలనూ ఒకే ప్రశ్నావళితో అడగటం అవసరం. కాపాడినవారి కథలను కూడా అంతే శ్రద్ధగా నమోదు చేయాలి.

8. ముగింపు

1948 హైదరాబాదు విషయంలో నేటి వివాదం ఒక హత్యాకాండ జరిగిందా లేదా అన్నదానిపై కంటె, ఏ హత్యాకాండను చెప్పడానికి అనుమతి ఉందన్నదానిపై ఎక్కువగా నడుస్తోంది. ఒక వర్గం మృతులను మరొక వర్గం మృతులతో చెల్లువేసే పద్ధతి ఇరువురినీ అవమానిస్తుంది. ఎన్ని లోపాలున్నా సుందర్‌లాల్ నివేదిక ఆ పద్ధతిని అనుసరించలేదు. రజాకార్లు చేసినదానిని రాసిన కలంతోనే తరువాత జరిగినదానినీ రాసింది. చంపినవారిని పేర్కొన్న పుటల్లోనే కాపాడినవారినీ పేర్కొంది. ఆ సమదృష్టి వల్లనే అది ఎవరికీ పూర్తిగా పనికిరాక, చాలాకాలం ఎవరికీ కనిపించకుండా పోయింది.

పిఠాపురంలో ఒక ముస్లిం పీఠాధిపతి తెలుగు పద్యం చెప్పి హిందూ శిష్యులకు గురువైన కాలమూ, లాతూరులో పేరును బట్టి మనిషిని చంపిన కాలమూ మధ్య ఎడం మూడేళ్లే. ఈ రెండూ ఒకే దక్కను చరిత్రలోని పుటలే. ఒక పుటను చించి రెండవ పుటను మాత్రమే బోధించే పాఠ్యప్రణాళిక విద్యార్థికి చరిత్రను ఇవ్వదు. పగను గాని, మరపును గాని ఇస్తుంది. పరిశోధకుని బాధ్యత ఈ రెండింటికీ భిన్నమైనది. బైరాన్‌పల్లి బురుజునూ, లాతూరు వీధినీ ఒకే గ్రంథంలో, ఒకే కొలతతో నమోదు చేయడమే ఆ బాధ్యత.